జిప్పు ఒడ్డు మీదే పోతుంది

మీరు వేసుకున్న జీన్స్ జిప్పు రన్నర్ మీద ఒకసారి చూడండి. వై, కె, కె అని మూడు అక్షరాలు కనిపించే అవకాశం బాగా ఉంది. తడావో యోషిదా అనే ఆయన 1934లో జపాన్‌లో మొదలుపెట్టిన కంపెనీ అది. ఆ జిప్పు పోతే పెద్ద కష్టమేం లేదు, షర్టు బయటికి వదిలేసి ఇంటికొచ్చేస్తాం. అదే కంపెనీ నీళ్లు చొరబడని జిప్పులు కూడా చేస్తుంది. జర్మనీ నుంచి టిజిప్ అనే ఇంకో రకం వస్తుంది. చల్లటి నీళ్లలో డైవింగ్ చేసేవాళ్ల సూట్లకి వేసేవి ఇలాంటివే. అవి పోతే మాత్రం షర్టు బయటికి వదలడంతో సరిపోదు.

నేను సియాటిల్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. సొంతూరు కాకినాడ. పెరిగినన్నాళ్లూ సముద్రం పక్కనే ఉన్నా మోకాలి లోతు దాటి దిగింది లేదు. అమ్మ దిగనిస్తే కదా! ఇక్కడికొచ్చిన రెండో ఏడాది డైవింగ్ పిచ్చి పట్టుకుంది. ఇక్కడి సముద్రపు పాయని ప్యూజెట్ సౌండ్ అంటారు. చలికాలంలో నీళ్లు 8 డిగ్రీల దగ్గర ఉంటాయి, వేసవిలో కూడా పెద్దగా వేడెక్కవు. ఫ్రిజ్‌లో పెట్టిన మంచినీళ్ల సీసాలోకి దూకినట్టు అనుకోండి. నీళ్లు గాలి కన్నా దాదాపు 24 రెట్లు ఎక్కువగా వేడిని లాక్కుపోతాయి. అందుకే ఇక్కడ చాలామంది డ్రై సూట్ వేసుకుంటారు.

డ్రై సూట్ అంటే మనిషి ఆకారంలో ఉన్న సంచి. మెడ దగ్గర, మణికట్ల దగ్గర బిగుతుగా రబ్బరు సీల్స్ ఉంటాయి. కాళ్లకి బూట్లో సాక్సులో అతికే ఉంటాయి. లోపల స్వెటర్ లాంటి మందపాటి బట్టలు వేసుకుంటాం. ఆ బట్టల్లో ఆగిన గాలే మనల్ని వెచ్చగా ఉంచుతుంది. మరి ఆ సంచిలోకి మనిషి దూరేదెలా? ఒకే ఒక్క దారి. ఒక భుజం నుంచి రెండో వైపు నడుము దాకా ఏటవాలుగా పెద్ద చీలిక, దానికి ఒక జిప్పు. మణికట్టు సీల్ చిరిగితే ఇంట్లో కూర్చుని మార్చుకునే పద్ధతులున్నాయి. వాల్వ్ పాడైతే విప్పి ఇంకోటి బిగిస్తారు. జిప్పు పోతే సూట్ మొత్తం మూల పడుతుంది.

మీకు తెలుసా, ఇంగ్లిష్‌లో 'జిప్పర్' అన్న పేరు పుట్టిందే రబ్బరు బూట్ల వల్ల. 1923లో అమెరికాలో బి.ఎఫ్. గుడ్‌రిచ్ కంపెనీ వానలో వేసుకునే బూట్లకి ఈ పళ్ల వరస పెట్టి ఆ పేరుతో అమ్మింది. అంటే ఇది మొదట్నుంచీ తడితో ముడిపడ్డ వస్తువే!

చాలాకాలం పాటు డ్రై సూట్లకి ఇత్తడి పళ్ల జిప్పులే ఉండేవి. బరువుగా, బిరుసుగా ఉంటాయి. పళ్ల మీద మైనం రుద్దుతూ ఉండాలి. తర్వాత ప్లాస్టిక్ వచ్చింది. తేలిగ్గా ఉంటుంది, ఒంటితోపాటు వంగుతుంది, ఉప్పునీళ్లకి చిలుం పట్టదు. అమ్మేవాళ్లలో కొందరు ఇంకో మాట కలుపుతారు: "దీనికి మెయింటెనెన్స్ అక్కర్లేదు." నా కథంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

నా సూట్ సెకండ్ హ్యాండ్‌ది. 900 డాలర్లు. కొత్తది కొనాలంటే దానికి రెండు మూడు రెట్లు పెట్టాలి. కొనేముందు జిప్పు పళ్లన్నీ టార్చ్ లైట్ వేసి చూశాను, గాలి కొట్టించి చూశాను. ఎక్కడా లీకు లేదు. అప్పట్నుంచి 31 డైవులు ఒక్క చుక్క లోపలికి రాలేదు.

32వ డైవ్ ఫిబ్రవరిలో. వెస్ట్ సియాటిల్‌లో సీక్రెస్ట్ పార్క్ అని ఉంది, ఒడ్డు నుంచే నడుచుకుంటూ నీళ్లలోకి దిగొచ్చు. అదృష్టం బాగుంటే పెద్ద ఆక్టోపస్‌లు కనిపిస్తాయి. నాతో దిగేది మా ఆఫీసులోనే పనిచేసే వరంగల్ అన్న. 18 మీటర్ల లోతులో ఉండగా ఎడమ భుజం దగ్గర ఎవరో ఐస్ ముక్కతో గీత గీసినట్టు అనిపించింది. ఒక నిమిషానికి ఆ గీత పక్కటెముకల మీదకి దిగింది. ఇంకాసేపటికి నడుము దగ్గర చల్లగా, బరువుగా అయింది. వేళ్లు మొద్దుబారడం మొదలైంది. అక్కడ వేళ్లు పనిచేయకపోతే కష్టం. వాల్వ్ నొక్కేదీ, అవసరమైతే బరువులు వదిలేదీ వాటితోనే.

అన్నకి బొటనవేలు చూపించా. వాట్సాప్‌లో అది 'సూపర్', నీళ్లలో మాత్రం 'ఇక చాలు, పైకి పోదాం' అని అర్థం. అన్న కారణం అడగలేదు, తిరిగి బొటనవేలు చూపించి నా పక్కకి వచ్చాడు. నీళ్లలో ఎవరు బొటనవేలు చూపించినా డైవ్ అయిపోయినట్టే, వాదనలుండవు. ఆ నియమం నాకు చాలా ఇష్టం. మా ఆఫీసు మీటింగుల్లో కూడా పెడితే బాగుండు.

ఇక్కడ చాలామందికి ఉన్న ఒక అపోహ గురించి చెప్పాలి. సూట్‌లోకి నీళ్లొస్తే ఆ బరువుకి మునిగిపోతామని అనుకుంటారు. నీళ్లలో ఉన్నంతసేపు ఆ నీళ్లకి బరువు తెలీదు, చుట్టూ ఉన్నదీ నీళ్లే కదా. అసలు నష్టం గాలి పోవడం. తేలే బలం తగ్గుతుంది, వెచ్చదనం పోతుంది. బరువు తెలిసేది ఒడ్డెక్కేటప్పుడు. మోకాళ్ల దాకా నీళ్లు నిండిన ప్యాంటుతో, వీపు మీద సిలిండర్‌తో రాళ్ల మీద నడుస్తుంటే "జర నిమ్మళంగ చెల్లె" అంటూ అన్న జబ్బ పట్టుకున్నాడు.

కార్లో హీటర్ ముందు కూర్చుని నేను వేసుకున్న ప్రశ్న ఒకటే. 18 మీటర్ల దగ్గర పీడనం దాదాపు 3 రెట్లు. ఆ ఒత్తిడికి ప్లాస్టిక్ ఆగలేకపోయిందా?

లెక్క చూస్తే అది కాదు. కిందకి వెళ్లేకొద్దీ సూట్‌లోకి మనమే గాలి ఎక్కిస్తూ ఉంటాం, లేకపోతే సూట్ ఒంటిని పిండేస్తుంది. కాబట్టి బయట ఎంత పీడనం ఉందో లోపలా ఇంచుమించు అంతే ఉంటుంది. ఏ లోతులోనైనా జిప్పు మోయాల్సిన తేడా మహా అయితే మన ఒంటి పొడవులో కొంత భాగమంత నీటి ఎత్తు. అంటే 5 మీటర్ల దగ్గర ఎంతో, 30 మీటర్ల దగ్గరా అంతే. సముద్రం ఈ జిప్పుని పెద్దగా కష్టపెట్టట్లేదు.

మరి కష్టపెట్టేదెవరు? ఒడ్డు మీద మనమే. సూట్ వేసుకునేటప్పుడు, విప్పేటప్పుడు, మడత పెట్టి డిక్కీలో కుక్కేటప్పుడు. జిప్పు పూర్తిగా తెరవకుండా భుజాలు దూరిస్తే, ఆ అడ్డపు లాగుడంతా తెరవని చివర ఉన్న నాలుగు పళ్ల మీద పడుతుంది. ఏటవాలుగా గుంజితే రన్నర్ ఒకవైపు ఒరుసుకుంటుంది. లోపలి స్వెటర్ దారం ఒక్కటి ఇరుక్కుంటే చాలు. ఇక ఇసుక సంగతి చెప్పక్కర్లేదు. రోజంతా ట్రాఫిక్ తట్టుకుని నిలబడ్డ సర్వర్, రాత్రి ఎవరో కొత్త వెర్షన్ ఎక్కిస్తుంటే పడిపోతుంది చూడండి, అచ్చం అలాగే.

ఆ వారం మా బాత్‌రూమ్‌లో టెస్ట్ చేశాం. మణికట్ల సీల్స్‌లో రెండు ఖాళీ సీసాలు, మెడ సీల్‌లో ఒక ప్లాస్టిక్ డబ్బా బిగించి, సూట్‌లోకి గాలి నింపి, జిప్పు పొడవునా బ్రష్‌తో సబ్బునీళ్లు రాశాం. మనూళ్లో సైకిల్ పంక్చర్ షాపులో ట్యూబ్‌ని తొట్టిలో ముంచి బుడగల కోసం చూస్తారే, అదే విద్య. పళ్ల వరసంతా మౌనంగా ఉంది. భుజం వైపు చివర మాత్రం సన్నగా బుడగలు!

ఈ జిప్పు మూసుకోవడమంటే రెండు వైపుల పళ్లు కలవడం ఒక్కటే కాదు. పళ్లు కలిసినప్పుడు వాటి మధ్య మెత్తటి పూత ఉన్న రెండు అంచులు ఒకదానికొకటి గట్టిగా నొక్కుకుంటాయి. నీళ్లని ఆపేది ఆ నొక్కుడే. చిట్టచివర రన్నర్ వెళ్లి ఒక చిన్న ప్లాస్టిక్ గూట్లో కూర్చోవాలి. పూర్తిగా కూర్చుంటేనే ఆఖరి సందు మూసుకుంటుంది. ఆ గూట్లోకి రన్నర్ ప్రతిసారీ ఒరుసుకుంటూ వెళ్తుంది కాబట్టి అక్కడ గ్రీజు రాయాలి. నాది పెద్దగ్లాసులో పెట్టి చూస్తే గూడు అంచు అరిగి, వెంట్రుకవాసి చీలిక ఉంది. నా చేతికి వచ్చాక గ్రీజు తప్పలేదు. అంతకుముందు ఏళ్లలో ఎవరైనా రాశారో లేదో ఆ జిప్పుకే తెలియాలి. 'మెయింటెనెన్స్ అక్కర్లేదు' అన్న మాట నమ్మిన వాళ్లు గ్రీజు ట్యూబ్‌ని కవర్‌లోంచి బయటికే తీయరు.

ఆదివారం ఫోన్‌లో అమ్మకి చెప్తే తేలిగ్గా తీసుకుంది.

"జిప్పే కదమ్మా! మన మెయిన్ రోడ్డులో గొడుగులు బాగుచేసే తాత లేడూ, రన్నర్ మార్చి కటింగ్ ప్లేయర్‌తో ఒక నొక్కు నొక్కుతాడు. ముప్పై రూపాయలు."

"ఇది అలా కుదరదమ్మా. జిప్పు మొత్తం మార్చాలి. నాలుగొందల ఇరవై డాలర్లు."

కాసేపు మాట లేదు. రూపాయల్లోకి మారుస్తోందని నాకు తెలుసు.

"తాతని ఫ్లైటెక్కించినా ఇంచుమించు అంతే అవుతుందేమో, ఓసారి చూడు" అంది.

అమ్మ మాటలో అసలు విషయం ఉంది. స్కూల్ బ్యాగ్ జిప్పు కొంచెం కొంచెంగా పోతుంది. ముందు పట్టేస్తుంది, తర్వాత వెనక నుంచి విచ్చుకుంటుంది, ప్లేయర్‌తో నొక్కితే ఇంకో ఏడాది నడుస్తుంది. ఇక్కడ ఒక పన్ను ఊడినా, గూడు చీలినా అంతే సంగతులు. పాత జిప్పుని సూట్ నుంచి విడదీసి, కొత్తది జిగురుతో అతికించి, ఆరబెట్టి, మళ్లీ గాలి నింపి చూడాలి. తేలికదనం కోసం మనం వదులుకున్నది ఆ బాగుచేసుకునే వీలు. ఇత్తడిలో కూడా విరిగిన పన్నుకి మందు లేదు. కానీ పళ్ల మధ్య గుడ్డ నెరియలు బారడం, దారాలు లేవడం కంటికి కనిపిస్తాయి, కాస్త ముందే తెలుస్తుంది. నా ప్లాస్టిక్ జిప్పు 31వ డైవ్ దాకా ఏమీ చెప్పలేదు.

రిపేర్ షాపాయన 5 వారాలు తీసుకున్నాడు. మొదలుపెట్టే ముందు అడిగాడు, మళ్లీ ప్లాస్టికేనా, ఇత్తడికి మారతావా అని. ధరలో తేడా పెద్దగా లేదు. రెండు రోజులు ఆలోచించి ప్లాస్టికే అన్నాను. నా చేతులతో నేనే వేసుకోగలుగుతున్నా. ఇత్తడి జిప్పున్న అన్న సూట్ ఒకసారి వేసుకుని చూశా, లాగడానికి ఇద్దరం కావాల్సి వచ్చింది. పైగా పోయే చోటు ఏదో ఇప్పుడు తెలుసు. అన్న దీన్ని ఒప్పుకోడు, "మైనం రాస్కుంట కూసుంటా గని ప్లాస్టిక్ నమ్మ" అంటాడు. రెండేళ్లుగా ఈ పంచాయితీ తెగలేదు.

మీలో ఎవరైనా ఐస్‌లాండ్‌లోనో నార్వేలోనో చదువుకుంటూ సెకండ్ హ్యాండ్ సూట్ కొనబోతుంటే, ఫొటోల్లో రంగు చూడకండి. రన్నర్ గూట్లో కూర్చున్న చోటు దగ్గరగా ఫొటో తీసి పంపమని అడగండి. జిప్పు ఏ సంవత్సరం వేసిందో అడగండి. మీ ఊళ్లో జిప్పు మార్చేవాళ్లు ఎంత తీసుకుంటారో కనుక్కుని, ఆ డబ్బు కలిపి ధర లెక్కేసుకోండి. జిప్పు కూడా టైర్లలాగా అరిగే సరుకే.

కొత్త జిప్పుకి ఇప్పటికి 44 డైవులు అయ్యాయి. గ్రీజు ట్యూబ్ కారు తాళాల గుత్తి పక్కనే వేలాడుతుంటుంది. ఈ శనివారం మళ్లీ సీక్రెస్ట్‌కే. అన్న తన మైనం ముక్క తెస్తాడు, నేను నా ట్యూబ్ తీస్తాను. ఎవరిది ముందు పోతుందో చూడాలి, ఓడినవాళ్లు బిర్యానీ పెట్టించాలని పందెం.