నాన్నగారి పెన్ను మళ్లీ రాసింది



పోయిన మీటింగు మినిట్సు ఇంకా ఎందుకు రాలేదని ముగ్గురు నలుగురు ఫోన్ చేసి అడిగారు. పది రోజులు ఆలస్యమైన మాట నిజమే. దానికి సంజాయిషీగా ఈ పోస్టు రాస్తున్నాను. కాస్త పొడుగైంది, తీరిక ఉన్నప్పుడే చదవండి.

నన్ను కార్యదర్శిని చేసిన రోజున బాధ్యతతో పాటు ఆఫీసు బీరువా తాళాలు కూడా ఇచ్చారు కదా. అందులో ఐదు మినిట్సు పుస్తకాలున్నాయి. నాలుగింటి నిండా చేత్తో రాసిన తెలుగే. ఐదోదాంట్లో సగం వరకూ తెలుగు, ఆ తర్వాత ఇంగ్లీషులో టైపు చేసి, ప్రింటు తీసి అతికించిన కాగితాలు. తెలుగు ఆగిపోయిన పేజీ 2011 నాటిది. ఆ చేతిరాత మా నాన్నగారిది.

అధ్యక్షులవారు ఆ పేజీ మీద వేలు పెట్టి, "బాబూ, నీ హయాంలోనైనా మళ్లీ తెలుగులో చేత్తో రాయరాదూ?" అన్నారు. పదిమంది ముందు కాదనలేక సరేనన్నాను. రాస్తే నాన్నగారి పెన్నుతోనే రాద్దామని ఇంటికొచ్చి అటక మీద ట్రంకు పెట్టె దింపాను.

మీలో పెద్దవాళ్లు ఆ పెన్నుని చూసే ఉంటారు. నల్లగా, లావుగా ఉంటుంది. రాజమండ్రిలో మా మేనత్తగారింటికి వెళ్లినప్పుడు కొన్నారు. రాజమండ్రి పెన్నులకి పెద్ద చరిత్రే ఉంది. అందరికీ పనికొచ్చే వస్తువు ఏదైనా మన దేశంలోనే తయారుచేయమని గాంధీగారు చెప్తే, నగల పని తెలిసిన కె.వి. రత్నం గారు పెన్నులు చేయడం మొదలుపెట్టారు. ఆ పెన్ను అందుకుని 1935లో గాంధీగారు బాగుందని ఉత్తరం రాశారు. తర్వాత ఆ ఊళ్లో ఇంకొందరు కూడా ఈ పనిలోకి వచ్చారు. నాన్నగారి పెన్ను ఎవరు చేసిందో చెప్పలేను. మీదున్న పేరు ఆయన చేతిలోనే అరిగిపోయింది.

మన బరంపురం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది కాబట్టి మా తాతగారి చదువంతా తెలుగులోనే సాగింది. నాన్నగారి కాలానికి బడి ఒడియా అయింది. సర్కారు కొలువులో పగలంతా ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ ఫైళ్లు రాసి, సాయంత్రం ఇంటికొచ్చి అదే పెన్నుతో తెలుగులో ఉత్తరాలు రాసేవారు. ఆదివారాలు సంఘం పుస్తకం రాసేవారు. చొక్కా జేబు అడుగున ఎప్పుడూ ఒక నీలం మరక ఉండేది. అమ్మ దాన్ని ఉతికి ఉతికి విసుగెత్తి వదిలేసింది.

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను. 2011లో నాన్నగారు రెండు నెలలు ఆసుపత్రిలో ఉన్నారు. తిరిగొచ్చేసరికి పెన్ను ఎండిపోయింది. "ఒరే, పెన్ను పట్టేసిందిరా. కాస్త కడిగిపెట్టు" అన్నారు. రెండు రోజులాగి మళ్లీ అడిగారు. నాకు ఆఫీసు పని, పిల్ల పరీక్షలు. బజారు నుంచి వస్తూ బాల్ పెన్నుల ప్యాకెట్ ఒకటి తెచ్చి ఆయన బల్ల మీద పెట్టి, "ఇంకా ఆ పాతదేనా నాన్నా, ఇవి వాడండి" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. ఆ తర్వాత పుస్తకం కూడా రాయలేదు. పెద్దవారయ్యారు, చేతులు వణుకుతున్నాయి, అందుకే మానేశారని మేమంతా అనుకున్నాం. 2013లో పోయారు.

ట్రంకు పెట్టెలోంచి పెన్ను తీసి చూస్తే మూత మర కూడా తిరగలేదు. వేడి నీళ్లలో వేస్తే కరుగుతుందని పొయ్యి మీద నీళ్లు కాచి గ్లాసులో ముంచాను. అదే నేను చేసిన మొదటి తప్పు. మూత ఊడింది గానీ, నల్లగా నిగనిగలాడే పెన్ను కాస్తా టీ డికాషన్ రంగుకి తిరిగింది. గుండె గుభేలుమంది. ఆ రాత్రే నాన్నగారి స్నేహితులు, నాకు చదువు చెప్పిన మాస్టారికి ఫోన్ చేశాను.

"ఎంత పని చేశావురా! అది ఎబొనైటు. రబ్బరులో గంధకం కలిపి ఉడికించి గట్టిపరుస్తారు. దానికి వేడి నీళ్లు పడవు" అని చీవాట్లు పెట్టారు.

"మరి పాడైపోయినట్టేనా మాస్టారూ?"

"రంగు పోతే పోయింది. పెన్నుకేం కాలేదు, గొంతెండింది, అంతే. చల్లటి నీళ్లు పట్టు. తొందరపడకు."

ఆయన చెప్పినట్టే చేశాను. మీ ఇళ్లలోనూ ఇలాంటివి ఉంటాయి కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఇంకు అంటే నీళ్లలో కలిపిన రంగు. నీళ్లు ఆవిరైపోతే రంగు మిగిలి, పాళీ చీలికలోనూ, పాళీ కింద నాలుకలా ఉండే ముక్క గాడుల్లోనూ గట్టిపడుతుంది. ఆ సన్నటి గాడుల్లోంచే ఇంకు కిందికి దిగాలి. అవి మూసుకుపోతే పెన్ను రాయదు. నీళ్లలో కరిగిన రంగే కాబట్టి మళ్లీ నీళ్లే దాన్ని కరిగిస్తాయి. డ్రాయింగు వేసే నల్ల ఇంకు మాత్రం ఎప్పుడూ పొయ్యకండి. అందులో లక్క లాంటిది ఉంటుంది, అది ఎండితే నీళ్లకి లొంగదు.

మొదటి రాత్రి పాళీ ఉన్న భాగాన్ని మామూలు నీళ్లలో నిలబెట్టాను. తెల్లారేసరికి గ్లాసు నీలిమందు కలిపినట్టయింది. నీళ్లు పారబోసి కొత్తవి పోశాను. రెండో రాత్రీ అంతే. మూడో రోజుకి నీళ్లు పలచబడ్డాయి. అప్పుడు సైకిలు ట్యూబు ముక్కతో పట్టుకుని మెల్లగా లాగితే పాళీ, నాలుక రెండూ కలిసి ఊడొచ్చాయి. గిన్నెలు తోమే సబ్బునీళ్లు ఒక్క చుక్క కలిపిన నీళ్లలో వాటిని ఉంచి, మెత్తటి టూత్ బ్రష్షుతో గాడులు తోమాను. పాళీ చీలికలో గుండుసూది పెట్టబోతుంటే మాస్టారి మాట గుర్తొచ్చింది. అలా పెడితే చీలిక విడిపోయి ఇక ఎప్పటికీ ఇంకు కక్కుతుందట. స్పిరిట్ కూడా వాడొద్దన్నారు. కడిగినవన్నీ పాత నూలుగుడ్డలో చుట్టి రాత్రంతా ఆరబెట్టాను.

నింపడంలో కూడా ఒక కిటుకుంది. ఫిల్లరుతో పోసే పెన్నులో ఇంకు అడుగంటే దాకా ఉండకూడదు. లోపల ఖాళీ ఎక్కువైతే చేతి వేడికి గాలి వ్యాకోచించి ఇంకుని బయటికి నెడుతుంది. నాన్నగారి జేబు మరకకి కారణం అదేనేమో. పావు వంతు మిగిలినప్పుడే మళ్లీ నింపుకోవాలి.

మొత్తానికి నాలుగు రాత్రులు, ఒక గ్లాసు, పంపు నీళ్లు. నాన్నగారు నన్ను అడిగింది ఇంతే.

పుస్తకం ముందు పెట్టుకుని, ఆయన రాసినట్టే పేజీ పైన శ్రీకారం చుడదామని కూర్చున్నాను. పాళీ కాగితాన్ని గీరింది. ఇంకు దిగుతోంది గానీ గరగరలాడుతోంది. మళ్లీ మాస్టారికి ఫోన్ చేశాను. "ఏళ్ల తరబడి ఒకే చేతిలో తిరిగిన పాళీ ఆ చేతి వాటానికి అరుగుతుందిరా. పెన్నుని అటూ ఇటూ తిప్పి చూడు" అన్నారు. కొంచెం ఎడమకి తిప్పి, వెనక్కి వాల్చి పట్టుకున్నాను. ఒక చోట హఠాత్తుగా గరగర ఆగింది. వెన్న మీద నడిచినట్టు నడిచింది. అది నాన్నగారు పెన్ను పట్టుకునే వాటం. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని రోజూ చూసినదే.

అప్పుడు ఇంకో సంగతి తెలిసింది. ఆ పెన్నుని నొక్కక్కర్లేదు. కాగితానికి తగిలితే చాలు, ఇంకు దానంతటదే దిగుతుంది. బాల్ పెన్ను అలా కాదు. దాంట్లో ఉండేది జిడ్డు ఇంకు, నొక్కి పట్టి గుండు దొర్లిస్తేనే గీత పడుతుంది. వణికే చేతికి నొక్కడమే కష్టం. నాన్నగారు వయసు వల్ల రాయడం మానేశారని ఇన్నాళ్లూ అనుకున్నాను. పెన్ను కడిగిచ్చి ఉంటే ఇంకో ఏడాదైనా రాసేవారేమో. ఆ ప్యాకెట్ కూడా ట్రంకు పెట్టెలోనే ఉంది. అందులో ఒక్క పెన్ను మాత్రమే బయటికి తీసినట్టుంది.

పెన్ను బాగైంది గానీ నా చెయ్యి బాగవలేదు. ఫోన్లో తెలుగు టకటకా కొడతాను. కాగితం మీదికి వచ్చేసరికి "కార్యవర్గం" దగ్గరే ఆగిపోయాను. "ఋణం" రాయడానికి పాత పుస్తకం తిరగేశాను. రెండు పేజీల మినిట్సుకి మూడు సాయంత్రాలు పట్టింది, ఐదు చోట్ల కొట్టివేతలు. మా అమ్మాయి పక్కన నిలబడి చూసి, "నాన్నా, ఇది ఒడియాలా గుండ్రంగా ఉందే" అంది. తాటాకు మీద అడ్డగీతలు గీస్తే ఆకు చీలుతుందని రెండు లిపులూ గుండ్రంగా వచ్చాయంటారని చెప్పాను. తనకి ఒడియా చదవడం, రాయడం బాగా వచ్చు. తెలుగు మాట్లాడడం వచ్చు గానీ, తాత రాసిన పేజీ చదవలేదు. ఆ తప్పు తనది కాదు.

మినిట్సు సిద్ధం. పోయిన మీటింగుకి వచ్చిన పద్నాలుగు మంది సంతకాలు ఇంకా పెట్టాలి. హాజరు కాగితం చూశాను. తొమ్మిదిమంది ఇంగ్లీషులో, ముగ్గురు ఒడియాలో, ఇద్దరు తెలుగులో పెట్టారు. ఆ తొమ్మిదిమందిలో నేనూ ఉన్నాను కాబట్టి ఎవరినీ వేలెత్తి చూపడం లేదు. వచ్చే ఆదివారం పుస్తకం, పెన్ను బల్ల మీద ఉంటాయి. మీకు ఏ లిపి చేతికొస్తే అందులోనే సంతకం పెట్టండి. ఒకవేళ తెలుగులో ప్రయత్నిస్తే, వంకరగా వచ్చినా ఫర్వాలేదు, నా పేజీ అంతకన్నా వంకరగా ఉంది. పెన్నుని మాత్రం కాస్త ఎడమకి తిప్పి పట్టుకోండి.

మీ ఇంట్లో తాతగారిదో, నాన్నగారిదో పెన్ను ఎండిపోయి ఉంటే వెంట తీసుకురండి. నేను బకెట్టు నీళ్లు, సైకిలు ట్యూబు ముక్క, సబ్బు చుక్క సిద్ధంగా ఉంచుతాను. పెద్దవాళ్లు ఇంకా ఇంట్లో ఉండి, వాళ్ల పెన్నే ఎండిపోయి ఉంటే ఆదివారం దాకా ఆగకండి. ఈ రాత్రే నీళ్లలో వెయ్యండి. వేడి నీళ్లు వద్దు.