చిల్లర పద్దు

సావనీర్‌కు ఏదైనా రాసివ్వమని సంపాదకవర్గం నోటీసు పెట్టగానే తెలుగు శాఖ మిత్రులు కవితలు బయటికి తీశారు. రాజనీతిశాస్త్రం వాళ్ళు దేశ భవిష్యత్తును చేతుల్లోకి తీసుకున్నారు. బి.ఎస్సీ. చదివే నాబోటివాడికి మిగిలింది చిల్లర విషయాలే. కనుక చిల్లర గురించే రాస్తున్నాను.

మీ జేబులోని ఫోన్ తీసి, సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అనే చోటు చూడండి. యాప్‌లు ఇంత, ఫొటోలు ఇంత, వీడియోలు ఇంత అని పద్దులు వరసగా చూపించి, అట్టడుగున 'ఇతరములు' అనో 'అదర్' అనో మరో పద్దు చూపిస్తుంది. చాలామంది ఫోన్లలో బాగా ఒళ్ళు చేసిన పద్దు అదే. అందులో ఏముందో మాత్రం ఫోన్ చెప్పదు. స్థలం చాలడం లేదని మనం దిగులుపడి, ఇష్టమైన ఫొటోలు నాలుగు తుడిచేసి, ఆ పద్దు జోలికి పోకుండా ఊరుకుంటాం.

మాది పల్నాడు ప్రాంతంలో మిరప, పత్తి పండించే కుటుంబం. మా నాన్న చదివింది ఏడో తరగతే అయినా లెక్కల పుస్తకం రాయడంలో ఆయనకు ఆయనే సాటి. విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు, కోతకూలి, బాడుగ అని ఒక్కొక్క ఖర్చూ రాసుకుంటూ వచ్చి, చివర 'చిల్లర' అని ఒక పద్దు వేస్తాడు. టీలు, పంక్చర్లు, పురికొస, బస్ ఛార్జీలు అన్నీ అందులోకి పోతాయి. మా అమ్మకు అక్షరాలు రావు గాని ఆ పద్దంటే మహా అనుమానం. అది ఒక మనిషి రోజుకూలి దాటిందంటే, "చిల్లరంటే ఏందో ఇప్పి చెప్పయ్యా" అని ఎదురుగా కూర్చుంటుంది. నాన్న విసుక్కుంటూనే విప్పుతాడు. తగ్గించదగినవి నాలుగు, తగ్గించరానివి నాలుగు బయటపడతాయి. ఒక ఏడాది కాయలు తోలినప్పుడు కొట్లో ఇచ్చిన చీటీ మీద 'ఇతర ఖర్చులు' అని పెద్ద అంకె వేశారు. అదేమిటని నాన్న అడిగితే, "అయ్యన్నీ చెప్పాలంటే పొద్దుపోద్ది" అన్నారట. ఆ మాట మా ఇంట్లో సామెతై కూర్చుంది. పేరులేని పద్దు ఎవరి చేతిలో ఉంటే లాభం వాళ్ళదే.

మొన్న సంక్రాంతి సెలవులకు నేను ఇంటికి వెళ్ళేసరికి మిరప కోతలు జోరుగా ఉన్నాయి. నాన్న ఫోన్ పాతది, 32 జీబీది. 'స్థలం చాలదు' అని మొండికేసి కూర్చుంది. ఫొటో తియ్యదు, వాట్సాప్ తెరుచుకోదు, బ్యాంకు పంపిన ఓటీపీ అందదు. టౌన్లో ఫోన్లు బాగుచేసే కొట్టుకు తీసుకెళ్తే అక్కడి కుర్రాడు అటూ ఇటూ తిప్పి చూసి, "అంతా జంకే బాబాయ్, ఫార్మాట్ కొట్టేద్దాం. లేదంటే కొత్తది తీసుకో" అన్నాడు.

జంకు అన్న మాట నాన్నకు నచ్చలేదు. కారణం ఉంది. మా చేలో కోతకు వచ్చే ముఠాకు ఒక మేస్త్రమ్మ ఉంది. రోజూ పొద్దుగూకాక, ఆ రోజు ఎంతమంది వచ్చారో, ఎవరు సగం పూటకే వెళ్ళారో వాట్సాప్‌లో తన గొంతుతో చెప్పి పంపుతుంది. ఆమెకు రాయడం రాదు, నాన్నకు ఫోన్లో టైపు చెయ్యడం రాదు. ఆ మాటలే కూలి లెక్క. నాన్న వాటిని విని, తీరిక దొరికినప్పుడు పుస్తకానికి ఎక్కిస్తాడు. కోతల ఒత్తిడిలో మూడు వారాలుగా ఆ తీరిక దొరకలేదు. పోతే, విత్తనాల ప్యాకెట్ల ఫొటోలు, వాటి బిల్లుల ఫొటోలు కూడా ఆ ఫోన్లోనే ఉన్నాయి. మొలక రాకపోయినా, కాయ తేడా వచ్చినా లాట్ నంబరూ బిల్లూ చూపించలేని రైతు మాట ఎవరు వింటారు? ఇరవైమంది ఆడవాళ్ళ రెక్కల కష్టం, ఒక ఏడాది పంటకు సాక్ష్యం, అన్నీ ఆ కుర్రాడి లెక్కలో జంకు. ఫోన్ తీసుకుని ఇంటికొచ్చేశాం. అమ్మ పద్ధతిలో నేను చిల్లర విప్పడం మొదలుపెట్టాను.

విప్పేముందు ఒక్క మాట. 'ఇతరములు' అనేది ఒక రకం వస్తువు కాదు. ఫోన్ తనకు తెలిసిన గుర్తుల్ని బట్టి ఇది బొమ్మ, ఇది పాట, ఇది సినిమా అని గంపల్లోకి ఏరుతుంది. ఏ గంపలోనూ పడనిది చివరి గంపలో పడుతుంది. మిరప కల్లంలో కాయలు ఏరేటప్పుడు ఎర్రకాయ ఒక పక్క, తాలుకాయ ఒక పక్క పోస్తారు. తాలుకూ ఒక ధర ఉంది, దాన్నీ టిక్కీలకెత్తి అమ్ముతారు. మట్టీ పుల్లా మాత్రమే చెత్త. ఫోన్లోని చివరి గంపలో తాలూ చెత్తా కలిసిపోయి ఉంటాయి. నాన్న ఫోన్లో మేస్త్రమ్మ మాటలు కూడా 'ఆడియో' పద్దులో కనబడలేదు. ఈ గంపలోనే ఉన్నాయి.

మొదట తగిలింది కాష్. దాచడం అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చిన పేరిది. 1968లో ఐబీఎం వారు తమ సిస్టమ్ 360 మోడల్ 85 కంప్యూటర్లో ప్రధాన మెమరీకీ ప్రాసెసర్‌కీ నడుమ చిన్నదీ చురుకైనదీ అయిన మరో మెమరీని పెట్టినప్పుడు ఈ మాట వాడుకలోకి వచ్చింది. సూత్రం మన వంటింటిదే. గదిలో బియ్యం బస్తా ఉన్నా, అమ్మ పొయ్యి దగ్గర ఒక డబ్బాలో కాసిని పోసుకుంటుంది. ప్రతి పూటా బస్తా మూతి విప్పే పని తప్పుతుంది. యాప్ కూడా అంతే. ఇంటర్నెట్ నుంచి ఒకసారి తెచ్చిన బొమ్మను మళ్ళీ తేకుండా దగ్గర పెట్టుకుంటుంది. డబ్బా ఖాళీ చేస్తే నష్టం లేదు, బస్తాలోంచి మళ్ళీ నింపుకోవచ్చు. అలాగని రోజూ ఖాళీ చేస్తే రోజూ బస్తా దగ్గరికి నడవాలి. అంటే డేటా ఖర్చు, ఆలస్యం. డబ్బా గదంత పెరిగినప్పుడు మాత్రం ఖాళీ చెయ్యడమే ధర్మం. నాన్న ఫోన్లో వీడియోల యాప్ ఒక్కటే రెండు జీబీల పైన డబ్బా పెట్టుకుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆండ్రాయిడ్ ఫోన్లో ఏ యాప్ స్టోరేజ్ పేజీ తెరిచినా పక్కపక్కనే రెండు మీటలు ఉంటాయి. 'క్లియర్ కాష్' అంటే డబ్బా ఖాళీ చెయ్యడం. 'క్లియర్ డేటా' లేక 'క్లియర్ స్టోరేజ్' అంటే బస్తాను కాలవలో గుమ్మరించడం. రెండో మీట నొక్కితే ఆ యాప్ నిన్నగాక మొన్న పెట్టినట్టు కొత్తగా మొదలవుతుంది. అందులో మీరు దాచుకున్నది వేరేచోట లేకపోతే ఇక దొరకదు.

తర్వాత చెత్తబుట్ట. గ్యాలరీలో తుడిచేసిన బొమ్మ వెంటనే పోదు. చాలా ఫోన్లలో అది 30 రోజులు బుట్టలో ఉండి, అంతకాలమూ స్థలం తింటూనే ఉంటుంది. తుడిచాను గదా, స్థలం ఎందుకు రాలేదని ఆశ్చర్యపోయేవారికి సమాధానం ఇదే. నాన్న పండగ వారంలోనే వందల కొద్దీ శుభాకాంక్షల వీడియోలు తుడిచాడు, అన్నీ బుట్టలో భద్రంగా ఉన్నాయి. ఆ పక్కనే మా తమ్ముడు ఎప్పుడో తీసేసిన ఆట తాలూకు ఫోల్డర్ ఒకటి. యాప్ తీసేస్తే దాని సొంత గదిలో ఉన్నవి దాంతోపాటే పోతాయి గాని, ఉమ్మడి స్థలంలో అది పెట్టుకున్న సామాను ఒక్కోసారి ఉండిపోతుంది. కౌలుదారు వెళ్ళాక చేలో మిగిలిన పైపుల్లాగా. ఆపైన వాట్సాప్ ఫోన్లోనే దాచుకునే గత కొన్ని రోజుల బ్యాకప్ కాపీలు. ఇవి నేను ముట్టుకోలేదు. ఫోన్ పాడైన రోజు అక్కరకొచ్చేవి అవే. ఇక డౌన్‌లోడ్స్‌లో ఒకే పథకం తాలూకు పీడీఎఫ్ ఆరుసార్లు దిగి ఉంది.

చిన్న ఫైళ్ళ సంగతీ చెప్పాలి. నిల్వను గళ్ళుగళ్ళుగా పంచుతారు. చాలా వ్యవస్థల్లో గడి 4096 బైట్లు. వంద బైట్ల ఫైలుకైనా ఒక గడి ఇవ్వాల్సిందే, గుప్పెడు కాయలకు ఒక టిక్కీ కట్టినట్టు. అటువంటివి వెయ్యి ఉంటే అసలు సరుకు లక్ష బైట్లు, ఆక్రమించిన స్థలం దాదాపు 41 లక్షల బైట్లు. పాత ఫోన్లలో ఇలాంటి తుంపుగాళ్ళు వేలకు వేలు పోగవుతారు.

పని చెయ్యడంలో నేను పాటించిన వరస ఒక్కటే. ముందు కాపీ, తర్వాత కత్తి. ఫోన్‌ను తీగతో నా లాప్‌టాప్‌కు కలిపి, గొంతు మెసేజీల ఫైళ్ళన్నీ, విత్తనాల ఫొటోలన్నీ ముందు దించాను. ఆ గొంతు ఫైళ్ళ పేర్లలోనే తేదీ ఉంటుంది కాబట్టి వరస పెట్టడం సులువైంది. 'కూలి లెక్క' అని ఒక ఫోల్డర్, 'విత్తనాలు' అని ఒక ఫోల్డర్ కట్టాను. అప్పుడు కాష్‌లు ఖాళీ చేసి, బుట్ట గుమ్మరించి, ఆట మిగిల్చిన సామాను తీసేసి, నకళ్ళు తుడిచాను. తొమ్మిది జీబీల చిల్లరలో ఆరుకు పైగా తగ్గింది. ఫోన్ మళ్ళీ నడిచింది. నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి వేరే ఉంది. మూడు వారాల కూలి లెక్క మొత్తం కలిపినా పది ఎంబీ లేదు. ఫార్మాట్ కొడితే పోయేవాటిల్లో అన్నిటికన్నా తేలికైనది అదే, అన్నిటికన్నా విలువైనదీ అదే. బరువు చూసి విలువ కట్టకూడదని కాటా దగ్గర పెరిగిన నేను కంప్యూటర్ దగ్గర మళ్ళీ నేర్చుకున్నాను.

ఆ శనివారం కూలి లెక్క చూసేటప్పుడు రెండు సగం పూటలు తేడా వచ్చింది. నాన్న జ్ఞాపకం ఒకటి, మేస్త్రమ్మ జ్ఞాపకం ఒకటి. అరుగు మీద ఫోన్ పెట్టి ఆ తేదీ మాట వినిపించాను. మేస్త్రమ్మ చెప్పిందే నిజం. నాన్న మారు మాట్లాడకుండా డబ్బు లెక్కపెట్టి ఆమె చేతిలో పెట్టాడు. జంకు మాట్లాడిన తీర్పు అది.

కాలేజీకి తిరిగొచ్చాక హాస్టల్లో నా గదికి ఫోన్లు రావడం మొదలైంది. ఐఫోన్ ఉన్న మిత్రుడొకడు తన దాంట్లో 'అదర్' అనే పద్దే లేదని గర్వంగా చెప్పాడు. 2021లో ఐఓఎస్ 15 వచ్చినప్పుడు ఆపిల్ వారు దాని పేరును 'సిస్టమ్ డేటా' అని మార్చారు, అంతే. పేరు మారినంత మాత్రాన పొట్ట తగ్గదు. అందులోనూ కాష్‌లు, లాగ్‌లు వగైరా ఉంటాయి. అక్కడ మన చేతికి అందేది తక్కువ. బ్రౌజర్ చరిత్ర తుడవడం, పెద్ద యాప్‌లను తీసి మళ్ళీ పెట్టడం వంటివే.

విండోస్ లాప్‌టాప్ ఉన్నవారు సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్, అందులో టెంపరరీ ఫైల్స్ చూడండి. పెద్ద అప్‌డేట్ అయిన తర్వాత పాత విండోస్ అంతా ఒక ఫోల్డర్‌గా మిగులుతుంది. మామూలుగా పది రోజులకు అదే పోతుంది. ఆ జాబితాలో ఒక్కోసారి 'డౌన్‌లోడ్స్' కూడా కనబడుతుంది. తొందరలో దానికీ టిక్కు పెడితే మీ ప్రాజెక్టు రిపోర్టు కూడా టెంపరరీ అయిపోగలదు. ఇక 32 జీబీ పెన్‌డ్రైవ్ పెడితే 29.8 అనే చూపిస్తోందని, రెండు జీబీలు ఎవరో తిన్నారని అనుకోకండి. అమ్మినవాడు వెయ్యి లెక్కన కొలిచాడు, విండోస్ 1024 లెక్కన కొలుస్తుంది. ఈ గందరగోళం తీర్చడానికే 1998లో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ రెండో కొలతకు 'గిబిబైట్' వంటి వేరే పేర్లు పెట్టింది. పేర్లు ఉన్నాయి, పిలిచేవాళ్ళే తక్కువ.

ఒక్క మీటతో అంతా శుభ్రం చేస్తామనే యాప్‌ల సంగతి అడుగుతారేమో. ఫార్మాట్ కొట్టమన్న కుర్రాడికీ వాటికీ నాకు పెద్ద తేడా కనబడలేదు. మన సామానులో ఏది తాలో ఏది చెత్తో మనకే తెలియాలి. కూలికి పెట్టుకున్న చీపురుకు తెలియదు.

కనుక మిత్రులకు నా మనవి. నెలకొకసారి ఆ చివరి పద్దు విప్పండి. పేరు తెలిసినదాన్ని ఉంచాలా తీయాలా అన్నది మీ ఇష్టం. పేరు తెలియనిదాన్ని తెలుసుకునేదాకా తుడవకండి. అన్నట్టు ఈ సావనీర్ పీడీఎఫ్ కూడా తలా ఒకటి పంపిస్తారట. అది డౌన్‌లోడ్స్‌లో పడి, ఏదో అంకెల పేరుతో, రేపటికి మీ చిల్లర పద్దులో కలిసిపోతుంది. దానికో మంచి పేరు పెట్టి దాచుకోండి. తీసెయ్యాలనిపిస్తే చదివాకే తీసెయ్యండి.