ఇంకొక్క అయిదు

చీరల పిచ్చి ఉన్న ఆడవాళ్ళను లోకం క్షమిస్తుంది. స్టీలు సామాన్ల పిచ్చిని చూసి నవ్వి ఊరుకుంటుంది. పాత పాటల పిచ్చి అంటే “రసజ్ఞురాలు” అని మెచ్చుకుంటుంది కూడా. నా పిచ్చి పేరు చెబితే మాత్రం ఎదుటివాళ్ళు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంటారు. నాకు తుపాకి పేల్చడం ఇష్టం.

కంగారు పడకండి. నా నవలల్లో ఇంతవరకు ఒక్క హత్య కూడా జరగలేదు. ఎంత గయ్యాళి అత్తనైనా ఆఖరి ప్రకరణానికి మంచిదాన్ని చేసి సాగనంపే రచయిత్రిని నేను. నాకిష్టమైంది పాయింట్ టూటూ అనే చిన్న తూటా వేసుకునే రైఫిలు. దాంతో నేను కొట్టింది కాగితాన్ని. అదీ జన్మలో మొత్తం కలిపితే పాతిక తూటాలు మించవు. ఆ పాతిక తూటాల రుచి మాత్రం ఇన్నేళ్ళయినా నాలుక మీంచి పోలేదు.

జనగామలో బి.ఏ. చదువుతూ ఎన్.సి.సి.లో చేరాను. దేశభక్తితో చేరానని చెప్పుకుంటే బాగుంటుంది గాని, నిజం చెప్పాలంటే పరేడ్ అయ్యాక పెట్టే పూరీల కోసం చేరాను. ఆ ఖాకీ బట్టలు తొడుక్కుని బజార్లో నడుస్తుంటే కూరగాయల వాళ్ళు కూడా “అమ్మా” అని పిలవడం మరో ఆకర్షణ. 1997లో వరంగల్ దగ్గర ఒక గుట్ట కింద క్యాంపు. నాలుగోరోజు పొద్దున్నే మమ్మల్ని ఫైరింగ్‌కి తీసుకెళ్ళారు.

నేల మీద బోర్లా పడుకోవాలి. ముందు ఇసుక సంచి. పాతిక గజాల అవతల చెక్కకు అంటించిన కాగితం. చేతికిచ్చిన రైఫిలు పట్టాళం వాళ్ళ త్రీ నాట్ త్రీని టూటూకు తగ్గట్టు మార్చినది. బరువు నాలుగు కిలోలకు తక్కువుండదు. అంత పెద్ద తుపాకిలోకి చిటికెన వేలి గోరంత వెడల్పు తూటా. ఒక్కొక్కటే పెట్టాలి, బోల్టు మూయాలి, పేల్చాలి, మళ్ళీ తెరవాలి. చప్పుడుకి చెవులు పోతాయనుకున్నాను. చెరుకుగడ విరిచినట్టు ‘టప్’ మంది, అంతే. భుజం మీద ఎవరో స్నేహితురాలు తట్టినట్టయింది.

అయిదూ పేల్చి లేచాక ఉస్తాద్ కాగితం తెచ్చి చూపించాడు. ఎన్.సి.సి.లో నేర్పే హవల్దారును అలాగే పిలుస్తాం. నాలుగు చిల్లులు ఒక్క రూపాయి బిళ్ళ కింద దాగేటంత దగ్గరగా ఉన్నాయి. అయిదోది మాత్రం అలిగి పుట్టింటికి పోయిన కోడలిలా ఎక్కడో మూలన ఉంది. “బహుత్ అచ్ఛా” అన్నాడు ఉస్తాద్. నా కళ్ళు మాత్రం ఆ మూలనున్న చిల్లు మీదే. నా నోట్లోంచి నాకు తెలియకుండానే వచ్చిన మాట: “ఉస్తాద్, ఇంకొక్క అయిదు!”

ఆ మాటే ఈ పిచ్చికంతటికీ మూలం. ఎన్ని పేల్చినా అయిదోది ఎక్కడో తప్పుతుంది. తప్పింది తుపాకి వల్ల కాదని, మనవల్లేనని స్పష్టంగా తెలుస్తుంది. ఊపిరి పీల్చి, సగం వదిలి, అక్కడ ఆపాలి. గుండె కొట్టుకోవడం కూడా తుపాకి కొసను కదిలిస్తుంది. ఎక్కువసేపు ఆపితే కళ్ళు మసకబారతాయి. ట్రిగ్గర్ లాగకూడదు, నిమ్మకాయ పిండినట్టు మెల్లగా నొక్కాలి. ఆ ఏడెనిమిది క్షణాలు లోకంలో ఇంకేమీ ఉండదు. ఎనిమిది మంది ఉన్న ఇంట్లో, రెండు గదుల్లో పెరిగినదాన్ని నేను. స్నానాల గదిలో ఉన్నా “అయిందా, లేదా” అని తలుపు కొట్టేవారు. నన్ను ఎవరూ పిలవని చోటు ఒకటుంటుందని నాకు ఆ ఇసుక సంచి వెనకాలే తెలిసింది.

ఆ తూటా తయారీ కూడా చిత్రమైనదే. పెద్ద తూటాలకు వెనక మధ్యలో చిన్న మందుబిళ్ళ ఉంటుంది. పేలాక దాన్ని మార్చి, ఇత్తడి గొట్టాన్ని మళ్ళీ నింపుకోవచ్చు. టూటూకు ఆ బిళ్ళ ఉండదు. మన గరిజెల అంచు మడిచినట్టు గొట్టం అడుగు అంచు మడిచి, ఆ మడత లోపలే మందు పెడతారు. తుపాకిలోని సూది ఆ అంచును నలిపితే నిప్పు పుడుతుంది. అంచు ఒకసారి నలిగిందంటే మళ్ళీ పనికిరాదు. చవకగా చేసి, ఒక్కసారి వాడి పారేసే రకం. 1845 ప్రాంతంలో ఫ్లోబెర్ అనే ఫ్రెంచి ఆయన ఇంటి హాల్లో సరదాగా కొట్టుకునేందుకు ఇలాంటి బుల్లి తూటా మొదలుపెట్టాడట. ఇప్పుడు అందరూ వాడే టూటూ లాంగ్ రైఫిల్ తూటా 1887 నాటిది. సరదాకి పుట్టిందని చులకన చేయకూడదు. అది కిలోమీటరు దాటి పోగలదు. తగిలితే మనిషి పోగలడు. అందుకే అక్కడ ప్రతి గొట్టానికీ లెక్క ఉంటుంది.

ఆ లెక్క దగ్గరే నేను తప్పు చేశాను.

పేలిన గొట్టాన్ని ఖోఖా అంటారు. ఫైరింగ్ అయ్యాక ఖోఖాలన్నీ ఏరి, లెక్కపెట్టి అప్పగించాలి. నా మోచేతి పక్కన పడ్డ ఒక ఖోఖా ఇంకా వెచ్చగా ఉంది. మందు వాసన వేస్తోంది. నాలుగు చిల్లుల్లో ఒకటి చేసింది అదేననిపించింది. జేబులో వేసుకున్నాను. వరసలో నిలబెట్టి, మీ దగ్గర తూటాగాని ఖోఖాగాని ఉందా అని అడిగితే, అందరితోబాటు గట్టిగా లేదన్నాను.

రెండు వందలకు నూట తొంభైతొమ్మిదే వచ్చాయి. నలభై మంది ఆడపిల్లలం మోకాళ్ళ మీద గడ్డి వెతికాం. నేనూ వెతికాను! మేం వెళ్ళిపోయాక కూడా ఉస్తాద్ టార్చిలైటు పట్టుకుని ఒక్కడే ఆ గడ్డిలో తిరగడం దూరం నుంచి చూశాను. మర్నాడు ఆయన పెద్ద ఆఫీసరు ముందు నిలబడి సంజాయిషీ రాసిచ్చాడని విన్నాను. అప్పుడైనా తీసి ఇచ్చి ఉండొచ్చు. ఇవ్వలేదు. భయం సగం, ఆశ సగం.

ఇంటికొచ్చాక ఆ ఖోఖా మా నానమ్మ కంటబడింది.

మా నానమ్మది దేవరుప్పుల దగ్గర పల్లె. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఊరేగింపు మీద తుపాకులు పేల్చారు. దొడ్డి కొమరయ్య చనిపోయాడు. అప్పుడామెకు పదేళ్ళు. ఆ సాయంత్రం తమ ఊళ్ళో ఏ ఇంటా పొయ్యి వెలగలేదని మాత్రం చెప్పేది. తరవాత జనం చేతుల్లోకీ తుపాకులొచ్చాయి. గొట్టం మూతి నుంచి మందు కూరే బర్మార్ ఒకటి నెలరోజులు వాళ్ళ గడ్డివాములో ఉందట. “రాత్రంత గడ్డివాము దిక్కే చూసుకుంట పండేది బిడ్డా, పామున్నట్టు,” అనేది.

ఆమె ఖోఖాను అరచేతిలో పెట్టుకుని అడిగింది:

“దేన్ని కొట్టినవే?”

“కాయితాన్ని నానమ్మా.”

“కాయితం నీకేం పాపం జేసింది?”

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

“గంత మంది పిల్లలు పేలిస్తే ఎవ్వరు సావలేదా?”

“లేదు.”

“అట్లయితె మంచి తుపాకే. మరి ఇదెవరి లెక్కలది?”

చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. “తుపాకి లెక్క తప్పిందంటె ఎవని మీదనో పడ్తది బిడ్డా. పొయి ఇచ్చి రా,” అంది. వారం తరవాత పరేడ్‌కి పట్టుకెళ్ళాను. ఉస్తాద్ బదిలీ మీద వెళ్ళిపోయాడన్నారు. ముందే వచ్చిన బదిలీనో, నావల్ల వచ్చిన బదిలీనో అడిగే ధైర్యం లేకపోయింది. ఆ ఖోఖా ఇప్పటికీ నా కుంకుమ భరిణె పక్కన ఉంది. జీవితంలో నేను సేకరించిన తుపాకి సామాను అదొక్కటే.

పెళ్ళయి మానుకోట వచ్చాను. మహబూబాబాద్ అని బోర్డు మీద ఉంటుంది గాని, నోటికి మానుకోటే వస్తుంది. ఇక తుపాకి మాటేమిటి, పప్పు తాలింపు చప్పుడే గతి అనుకున్నాను. మొదటి శివరాత్రికి కురవి వీరన్న జాతరకు వెళ్ళాం. అక్కడ బెలూన్లు కొట్టే దుకాణం కనిపించింది. అది గాలి తుపాకి, సీసపు గుళ్ళు. నా టూటూకు వేలు విడిచిన చెల్లెలు. మొదటి పదిలో మూడే పగిలాయి. ఆ దుకాణాల్లో సైటు ఎప్పుడూ తిన్నగా ఉండదు. ఎటు ఎంత తప్పుతోందో గమనించి, అంత ఇటు జరిపి కొట్టాలి. రెండో పదిలో ఏడు. మూడో పదిలో తొమ్మిది. ఆ తప్పిన ఒక్కటీ నన్ను నిలువనిస్తే గదా! గాజులకని అత్తమ్మ ఇచ్చిన డబ్బులు అయిపోయాయి. మా వారు చెరుకుగడలు భుజాన పెట్టుకుని, “మనం వచ్చింది వీరన్న దర్శనానికా, బెలూన్ల దర్శనానికా?” అన్నారు. అత్తమ్మ మాత్రం, “కోడలి గురి మంచిగున్నది, జర జాగ్రత్త రా కొడుకా,” అంది.

ఈ పిచ్చి నా ఒక్కదానికేనా అని బెంగపడే రోజుల్లో హనుమకొండలో ఒక పెద్దాయన పరిచయమయ్యారు. ప్లీడరు. లైసెన్సుతో మూడు తుపాకులుండేవి. తండ్రిగారి నుంచి వచ్చిన రెండు గొట్టాల పన్నెండు బోరు ఒకటి, చెకొస్లోవేకియాలో చేసిన పాత బ్ర్నో టూటూ ఒకటి, మన ఈశాపూర్ ఫ్యాక్టరీ టూటూ ఒకటి. ఆదివారం పొద్దున పేపరు పరిచి, వాటిని విప్పి, మెత్తటి బట్టతో నూనె రాస్తూ కూర్చునేవారు. పేల్చడం తక్కువ, తుడవడం ఎక్కువ. “పెళ్ళయి నలభై ఏళ్ళు, నా జడకు ఒక్కనాడు నూనె రాసిన పాపాన పోలేదు,” అనేవారు వాళ్ళావిడ. ఎన్నికలొచ్చి తుపాకులు ఠాణాలో అప్పగించాల్సి వస్తే, ఆ నెల్లాళ్ళూ ఆయనకు అన్నం సయించేది కాదు.

2019లో చట్టం మారింది. ఒక మనిషికి మూడు తుపాకుల దాకా ఉండొచ్చన్న నియమాన్ని రెండుకు దించారు. మూడోది ఏడాదిలోగా అప్పగించాలి. రైఫిల్ క్లబ్బు సభ్యులు గురి సాధనకు వాడే టూటూకు, గాలి తుపాకికి చట్టమే ఈ లెక్క నుంచి మినహాయింపు ఇచ్చింది. ఆయన ఏ క్లబ్బులోనూ చేరలేదు. తర్వాత కలిసినప్పుడు గొంతు తగ్గించి, “నాన్న తుపాకి ఇచ్చేశానమ్మా. టూటూలు రెండూ ఉంచుకున్నాను,” అన్నారు. దొంగతనం ఒప్పుకున్న పిల్లవాడి ముఖం అది. ఆ ముఖం నాకు బాగా తెలుసు. 1997లో అద్దంలో చూశాను.

మా అక్కయ్యది భూపాలపల్లి. బావ సింగరేణిలో పనిచేశాడు. 2024 ఫిబ్రవరిలో వాళ్ళింటి నుంచే మేడారం జాతరకు వెళ్ళాం. దారిలో మళ్ళీ బెలూన్ల దుకాణం. నేను పది గుళ్ళు కొని ఏడు పేల్చి, ఎనిమిదోది నింపి అక్కయ్య చేతికివ్వబోయాను. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

“వద్దే. నువ్వు కొడ్తుంటే సూడబుద్ధయితలేదు.”

“ఇది గాలి తుపాకే అక్కా, బొమ్మలాంటిది.”

“నీకు బొమ్మే. ఆ దినాల్ల అడివి దిక్కు నుంచి టప్ మంటే పిల్లల్ని మంచం కిందికి దోసేదాన్ని. అన్నలో, పోలీసులో, ఎవరైతేంది? తెల్లారి ఎవని తల్లో ఒకతి ఏడుస్తది.”

తొంభైలలో ఆ అడవి పక్కన సంసారం చేసిన మనిషి ఆమె. ఒకే తల్లి కడుపున పుట్టాం. ఒకే చప్పుడు నాకు ఊపిరి బిగబట్టిన ప్రశాంతత, ఆమెకు మంచం కింద పిల్లలు. మిగిలిన మూడు గుళ్ళూ దుకాణం వాడికే ఇచ్చేశాను. “తొమ్మిది అవుతుండె మేడమ్,” అని వాడు బాధపడ్డాడు. ఇంకొక్క అయిదు అనకుండా నేను దుకాణం దిగిరావడం అదే మొదటిసారి.

అంతమాత్రాన పిచ్చి కుదిరిందని అబద్ధం చెప్పను. ఆ ఏడు ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే యాభై మీటర్ల రైఫిల్ పోటీలో కంచు పతకం గెలిచాడు. అప్పటికి ఆయన రైల్వేలో టికెట్లు చూసే ఉద్యోగి. ఆయన చేతిలోదీ నా టూటూ తూటాయే. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా నేను టీవీ ముందు ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఆయన ఊపిరి వదిలినప్పుడే నేనూ వదిలాను.

ఇప్పుడు మా అమ్మాయి డిగ్రీలో ఎన్.సి.సి. తీసుకుంది. నేను చెప్పలేదు సుమండీ, దానంతటదే. క్యాంపుకు వెళ్ళేముందు రాత్రి కుంకుమ భరిణె పక్కనున్న ఖోఖా తీసి చూపించాను. ఎవరికీ చెప్పని టార్చిలైటు సంగతి దానికి చెప్పాను. వాళ్ళ ముత్తవ్వ అడిగిన ప్రశ్న చెప్పాను. పెద్దమ్మ మంచం సంగతీ చెప్పాను. అది ఏమీ అనలేదు. ఖోఖాను అటూ ఇటూ తిప్పి చూసి, నలిగిన అంచు మీద వేలు రాసి, మళ్ళీ అక్కడే పెట్టేసింది.

అయిదో రోజు ఫోను చేసింది.

“అమ్మా, ఇవాళ ఫైరింగ్ అయింది.”

“ఎన్ని దగ్గరగా పడ్డాయి?”

“మూడు. రెండు ఎటో పోయినయ్. మళ్ళీ అయిదు అడిగితే ఇయ్యనన్నరు.”

నాకు నవ్వొచ్చింది. అంటుకుందన్నమాట!

“ఖోఖాలు?” అన్నాను.

“నేనే లెక్కపెట్టిన. సరిపోయినయ్. రెండుసార్లు పెట్టిన,” అంది.