చెప్పిన మాట, తలచిన మాట

విద్యలలో కొన్ని గురువు నోట వినయమును నేర్పును; కొన్ని పనిముట్టు చేత నేర్పించును. కుమ్మరికి మన్నును, సాలెవానికి నూలును ఎట్టి గురువులో, గణకయంత్ర విద్యను కొత్తగా నేర్చువానికి ఆ యంత్రమే అట్టి గురువు. అది కోపింపదు, మెచ్చుకొనదు, ముఖము చూచి మార్కులు వేయదు. చెప్పినది చెప్పినట్లు చేసి చూపును. ఆ చూపుటలోనే శిక్షణ యంతయు కలదు.

1955లో కలకత్తాలోని భారత గణాంక సంస్థకు ఇంగ్లండునుండి ఒక గణకయంత్రము వచ్చెను. బొంబాయిలో టాటా మౌలిక పరిశోధన సంస్థవారు స్వయముగా నిర్మించుకొన్న యంత్రమునకు 1962లో జవహర్‌లాల్ నెహ్రూ టిఫ్రాక్ అని పేరు పెట్టిరి. కాని అవి ముఖ్యముగా పరిశోధకుల కొఱకైనవి. ఈ విద్య విద్యార్థుల చేతికి అందిన తొలి చోట్లలో కాన్పూరు ఐ.ఐ.టి. ఒకటి. 1963లో అచ్చటికి ఐ.బి.ఎమ్. 1620 అను యంత్రము చేరెను.

ఆ యంత్రము స్వభావము చిత్రమైనది. కూడిక చేయుటకు దాని తొలి నమూనాలో ప్రత్యేకమైన అవయవము లేదు. బడిపిల్లవాడు ఎక్కాల పుస్తకము చూచినట్లు, తన జ్ఞాపకస్థానములో ఉంచిన కూడిక పట్టికను చూచి ఒక్కొక్క అంకెకు జవాబు తెచ్చుకొనును. ఎవరైన పొరపాటున ఆ పట్టికపై వేఱొక అంకె వ్రాసినచో, అది ఏ మాత్రమును సందేహింపక తప్పు మొత్తమును గంభీరముగా అచ్చు వేయును. మహాయంత్రమని భయభక్తులతో గదిలో అడుగుపెట్టిన విద్యార్థికి ఈ సంగతి తెలిసినంతనే భయము సగము పోవును. భక్తియు సగము పోవును. రెండును పోవలసినవే.

తరువాతి పాఠము మాటకు సంబంధించినది. ఒకనికి ఒక పరీక్షలో 60, మఱొకదానిలో 40 మార్కులు వచ్చినవనుకొందము. సగటు కట్టుమని చెప్పదలచి, కొత్తవాడు మొదటి సంఖ్యను, కూడిక గుర్తును, రెండవ సంఖ్యను, దానివెంట 2చే భాగింపుమను గుర్తును వరుసగా వ్రాయును. 50 రావలెనని అతని ఆశ. 80 వచ్చును! యంత్రము 40ని మాత్రమే సగము చేసి, దానిని 60కి కూడినది. కూడికకు ముందు భాగహారము జరుగవలెనన్నది ఫోర్ట్రాన్ భాషలో నియమము. కుండలీకరణములు పెట్టకపోవుట వ్రాసినవాని లోపము.

ఇంటిలో తల్లి "కూరలో తగినంత ఉప్పు వేయుమమ్మా" యనిన కుమార్తెకు చాలును. ఆ "తగినంత"లో ఆ యింటివారి రుచి యంతయు ఇమిడియున్నది. మనుష్యుల భాష సగము వినువారి మనస్సుపై ఆనుకొని నడచును. యంత్రమునకు అట్టి మనస్సు లేదు. కనుక దానికి పని చెప్పబూనినవాడు, తాను తలచినదానికిని చెప్పినదానికిని నడుమనున్న దూరమును బహుశః మొదటిసారిగా కొలిచి చూచుకొనును. నేడు వాడుక మాటలకే బదులు చెప్పు యంత్రములును వచ్చినవి. అవి తలపును ఊహింప యత్నించును. ఆ ఊహ తప్పినపుడు తప్పు జాడ పట్టుట మఱింత కష్టము. కనుక ఆ పాత పాఠము పాతబడలేదు.

ఆ దినములలో ఒక్కొక్క వాక్యమును ఒక్కొక్క అట్టకార్డుపై రంధ్రములుగా పొడువవలసియుండెను. ఒక కార్డులో 80 నిలువు వరుసలు. కట్టను అప్పగించి ఫలితమునకై వేచియుండవలెను. ఒక్క కామా లోపించినను శ్రమ యంతయు వృథా. అందుచేత విద్యార్థి తాను వ్రాసినదానిని అప్పగించుటకు ముందు పరాయివాని వ్రాతవలె చదువ నేర్చెను. తప్పు దొరకుట అవమానము కాదనియు, దొరకకుండుటయే ప్రమాదమనియు గ్రహించెను.

ఇక మూడవ పాఠము అక్షరములది. యంత్రమునకు అక్షరము లేదు, సంఖ్యయే కలదు. ఆ సంఖ్యయు రెండే గుర్తులతో ఏర్పడినది. పద్యము ఎఱిగిన తెలుగువానికి ఇది వింత కాదు. గురువు, లఘువు అను రెండింటిని మూడు స్థానములలో మార్చి మార్చి నిలిపిన య మ త ర జ భ న స లనెడి ఎనిమిది గణములు కలుగుచున్నవి గదా! స్థానములు ఎనిమిదియైనచో రూపములు 256 అగును. అంతమాత్రమున మన ఛందస్కారులు యంత్రములు నిర్మించిరని చెప్పరాదు. ఆ లెక్క మనకు పరాయిది కాదని మాత్రము చెప్పవచ్చును.

1980ల దశాబ్దములో ఆ కాన్పూరులోనే భారతీయ లిపులను యంత్రమునకు అలవరచు కృషి సాగెను. 1991లో ఇస్కీ అను జాతీయ ప్రమాణము వెలువడెను. మన వర్ణమాలలన్నిటిది దాదాపు ఒకే క్రమము గనుక, ఆ పొంతన నేటి యూనికోడులోను నిలిచినది. నాగరి "క" సంఖ్య 2325. తెలుగు "క" సంఖ్య 3093. నాగరి అక్షరమునకు 768 కూడినచో దానికి సరియైన తెలుగు అక్షరము వచ్చుచున్నది.

అయినచో అనువాదము ఇంత సులభమా? హిందీలో "కల్" అని పలుకు మాటకు నిన్న యనియు, రేపు అనియు రెండర్థములు. వ్రాతలో అది క, ల అను రెండక్షరములే. వానికి 768 చొప్పున కూడినచో తెలుగున "కల" యగును. నిన్నయు రేపును జారిపోయి స్వప్నము మిగిలినది! సంఖ్య మార్చిన లిపి మారును. అర్థమును దాటించుటకు మనిషి కావలెను.

తెలుగు పల్లెలనుండియు హిందీ పల్లెలనుండియు వచ్చిన పిల్లలు ఎందఱో ఈ విద్య తొలి పాఠముననే "ఇది మావల్ల కాదు" అని వెనుదిరుగుచున్నారు. సగటు కట్టుట వారికి రాక కాదు. గురులఘువులు తెలియక కాదు. తెలిసిన సంగతినే తెలియని మాటలలో వినవలసివచ్చుటచేత. యంత్రమునకు "క" ఒక సంఖ్య, అంతే. ఏ లిపియు దానికి దగ్గఱది కాదు, ఏ లిపియు దూరము కాదు. ఆ దూరమును కల్పించినది బోధించువారి భాష, తగ్గింపవలసినదియు వారే.