నూజివీడు మామిడితోట అడవేనా?

ఉద్యోగమంతా డేటాబేసులతోనే సావాసం. కస్టమరు పేరు, అడ్రసు, బిల్లు... ఈ నాలుగు ముక్కలు దాచుకునే డేటాబేసే ఒక పట్టాన మాట వినదు. మరి కొండలు, అడవులు, చెరువులతో సహా భూగోళాన్నంతా ఒక్క డేటాబేసులోకి ఎక్కించాలంటే? ఉపగ్రహాలున్నాయి, డిస్కులు చవకయ్యాయి, ఇంకేం కష్టం అనేవాళ్ళు చాలామందే ఉన్నారు. నా మటుకు నాకు అసలు తిరకాసు డేటా తేవడంలో లేదు, తెచ్చిన అంకెకి అర్థం పోకుండా కాపాడటంలో ఉందనిపిస్తుంది.

అడవినే తీసుకోండి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్కలో అడవి అంటే అర హెక్టారుకు మించిన నేల, 5 మీటర్లు దాటి ఎదిగే చెట్లు, 10 శాతానికి మించి ఆకుల కప్పు. పళ్ళతోటలు లెక్కలోకి రావు. మన ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వేసే అటవీ విస్తీర్ణం లెక్క వేరు. హెక్టారుకు పైబడిన నేలమీద 10 శాతం కప్పు ఉంటే చాలు, భూమి ఎవరిదైనా, చెట్టు ఏదైనా సరే. అంటే నూజివీడులో మూడెకరాల గుబురైన మామిడితోట డెహ్రాడూన్ లెక్కలో అడవి, రోమ్ లెక్కలో తోట! 2013లో మేరీలాండ్ విశ్వవిద్యాలయం వాళ్ళు లాండ్‌శాట్ చిత్రాలతో చేసిన ప్రపంచ పటమైతే 5 మీటర్లు దాటిన చెట్టా కాదా అన్నదే చూస్తుంది, తోటా అడవా అని అడగదు. ఎవరి లెక్క వాళ్ళకి కరెక్టే. మూడింటినీ తెచ్చి 'అడవి' అనే ఒకే కాలమ్‌లో పోశామనుకోండి, ఇక ఆ అంకెకి అర్థం లేదు. కానీ క్వెరీ మాత్రం చక్కగా నడుస్తుంది, ఎర్రరు కూడా రాదు :-)

ఎత్తుల సంగతి ఇంకా తమాషా. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక 11 రోజుల్లో ప్రపంచ భూభాగంలో 80 శాతం దాకా ఎత్తులు కొలిచేసింది. ఘనకార్యమే, కాదనను. అయితే దాని రాడారు చాలాచోట్ల నేల దాకా దిగకుండా చెట్ల తలల్నీ ఇళ్ళ కప్పుల్నీ తాకి వెనక్కొచ్చింది. 2019లో క్లైమేట్ సెంట్రల్ శాస్త్రవేత్తలు ఈ తేడాని సరిచేసి చూశారు. సముద్రపు పోటు మట్టానికి దిగువన బతుకుతున్న జనం 2.8 కోట్లు అనుకున్నది కాస్తా 11 కోట్లయింది. సముద్రం అంగుళం కదల్లేదు, మారింది లెక్క.

రాడారుకి ఏమీ అందని లోయల్లో గడిని ఖాళీగా వదిలి -32768 అని గుర్తు పెట్టారు. నిజాయితీ అంటే అదీ. తర్వాత వచ్చిన కూర్పుల్లో ఆ ఖాళీల్ని వేరే డేటాతోనో అంచనాతోనో పూడ్చారు. పూడ్చడం తప్పు కాదు. కానీ ఏది కొలిచిందో, ఏది పూడ్చిందో చెప్పే గుర్తుని పక్కన పారేసి అంకె ఒక్కటే కాపీ చేసుకుంటే, రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఎక్కడో లోయ గొడవ మనకెందుకు అంటారా? కొల్లేరు అభయారణ్యం హద్దు +5 అడుగుల కాంటూరు. ఆ హద్దు లోపలున్న చేపల చెరువుల గట్లని 2006లో కొట్టేశారు. 5 అడుగులంటే మీటరున్నర. ఆ అంతరిక్ష నౌక డేటాకి పెట్టుకున్న గురి 16 మీటర్ల లోపు తేడా. ప్రపంచ పటానికి అది బ్రహ్మాండంగా సరిపోతుంది. దాన్ని పట్టుకొచ్చి ఈ చెరువు లోపల, ఆ చెరువు బయట అని గీత గీస్తే మాత్రం అన్యాయం. ఆ గీతకి అటో ఇటో ఒకడి కూడు ఉంటుంది, లేదా ఒక సరస్సు ప్రాణం ఉంటుంది.

అందుకే నేననేది, ప్రతి అంకె పక్కనా ఇంకో నాలుగు కాలమ్‌లు ఉండాల్సిందే. ఎవరు కొలిచారు, ఎప్పుడు, ఏ నిర్వచనంతో, ఎంత తేడాతో. డిస్కు ఖర్చు పెరుగుతుంది, పెరగనివ్వండి. తెలియనిచోట 'తెలియదు' అని రాసుకోగలిగిన డేటాబేసునే నేను నమ్ముతాను.