అద్దాల నడుమ అక్కాచెల్లెళ్ళు



చాలా రోజులుగా ఇక్కడ ఏమీ వ్రాయలేదు. కంటి శుక్లానికి శస్త్రచికిత్స అయినది. వైద్యులు నెల రోజులు పుస్తకం ముట్టవద్దన్నారు. ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలకు పద్యాలు చెప్పిన నోటికి, పుస్తకం లేని నెల ఎంత దీర్ఘమో తోటి చదువరులకు వేరే చెప్పనక్కరలేదు. ఆ నెల గడిచిన తరువాత నా చేతికి మొదట వచ్చినది కావ్యమూ కాదు, వ్యాకరణమూ కాదు. ఒక ఆంగ్ల నవల, అందునా మంత్రగత్తెల కథ!

మా మనుమరాలు హైదరాబాదులో ఆంగ్ల సాహిత్యం చదువుతున్నది. సెలవులకు వచ్చి, "అమ్మమ్మా, ఇది నీకు నచ్చుతుంది, నా మాట నమ్ము" అని నా ఒడిలో పడవేసి పోయింది. టెర్రీ ప్రాచెట్ అనే ఆంగ్ల రచయిత (1948-2015) వ్రాసిన 'విచెస్ అబ్రాడ్'. 1991లో వచ్చినది. 1988 నాటి 'వియర్డ్ సిస్టర్స్'లో ఆయన ముగ్గురు మంత్రగత్తెలను ఒకచోట చేర్చాడు. షేక్‌స్పియర్ మహాశయుని 'మాక్‌బెత్' నాటకంలోని ముగ్గురిని తీసుకుని హాస్యం పట్టించాడన్నమాట. ఆ ముగ్గురి కథకు ఇది కొనసాగింపు. నా ఆంగ్లం అంతంతమాత్రమే. పక్కన నిఘంటువు పెట్టుకుని, రోజుకు పది పుటల చొప్పున చదివాను. ఈ గ్రంథానికి అధ్యాయాలు లేవు. ఆశ్వాసాలు లేని కావ్యం! దానికి తోడు పుట అడుగున రచయిత తనకు తానే వ్రాసుకున్న టిప్పణులు. కథ కంటె టిప్పణి రుచిగా ఉండే గ్రంథాన్ని నేను చూడటం ఇదే మొదలు.

ముందుగా ఒక్క మాట. మన పల్లెలలో మంత్రగత్తె అన్న మాట నవ్వులాట కాదు. చేతబడి, బాణామతి అన్న అనుమానంతో దిక్కులేని ముసలివాళ్ళను హింసించిన వార్తలు మనం ఎన్ని చదవలేదు! అందుచేత మొదట ఆ పుస్తకం తెరవడానికి నాకు మనస్కరించలేదు. తెరిచాక తెలిసినది, ఈ మంత్రగత్తెలు చేసేది కాన్పులు చేయడం, జ్వరాలకు ఆకుపసరులు ఇవ్వడం, పోయినవారి పక్కన రాత్రంతా కూర్చోవడం. మన మంత్రసాని చేసే పని! మంత్రగత్తె, మంత్రసాని అన్న రెండు మాటల లోను ఉన్నది ఒకే మంత్రం. ఒకామెను ఊరు తరుముతుంది, ఒకామెను అర్ధరాత్రి తలుపు తట్టి పిలుచుకొని పోతుంది. ఒక్కొక్కప్పుడు ఆ ఇద్దరూ ఒకరే.

ఇక కథ. దేవతామూర్తి వంటి ఒక మంత్రగత్తె మరణిస్తూ, తన మంత్రదండాన్ని ముగ్గురిలో చిన్నదైన మాగ్రట్‌కు వదలిపోతుంది. జెన్యువా అనే దూరనగరానికి వెళ్ళి, ఎల్లా అనే పిల్లకు రాకుమారునితో పెండ్లి జరగకుండా చూడాలి. మిగిలిన ఇద్దరు పెద్దవాళ్ళు మాత్రం రాకూడదని చీటీ వ్రాసి పెడుతుంది. రావద్దంటే తప్పక వస్తారని ఆమెకు తెలుసు! ఆ పెద్దవాళ్ళలో ఒకరు గ్రానీ వెదర్‌వాక్స్. ముక్కుసూటి మనిషి, పెదవి మీద నవ్వు కనిపించదు. రెండవ ఆమె నానీ ఆగ్. నలుగురు పిల్లల తల్లులు కూడా సిగ్గుపడే హాస్యం ఆమెది. దారి పొడవునా కొడుకుకు కార్డులు వ్రాస్తూ ఉంటుంది. మాగ్రట్ ఆ దండంతో ఏమి చేయబోయినా గుమ్మడికాయ తయారవుతుంది. ముగ్గురూ చీపుళ్ళ మీద ప్రయాణం, చీపుళ్ళ మీదనే తగవులు. ఒకరితో ఒకరికి పడదు, ఒకరు లేనిదే ఒకరికి గడవదు. ఉపాధ్యాయుల గదిలో ముప్పయ్యేళ్ళు గడిపిన నాకు ఈ ఘట్టాలు చదువుతూ నవ్వాగలేదు.

జెన్యువా చేరాక నవ్వు తగ్గుతుంది. ఆ నగరాన్ని తెర వెనుక నుండి ఏలుతున్నది లిలిత్ అనే మరొక మంత్రగత్తె. ఆమె మనుషులను కథలలోనికి నెట్టివేస్తుంది. బొమ్మలు చేసేవాడు ఎర్రబుగ్గలతో ఈలలు వేస్తూ పిల్లలకు కథలు చెప్పాలి. చెప్పకపోతే చెర. పేదపిల్ల రాకుమారుని పెండ్లాడాలి. ఆమె ఇష్టంతో పని లేదు. అందరికీ సుఖాంతమే, బలవంతపు సుఖాంతం. లిలిత్ బలమంతా అద్దాలలో ఉన్నది. రెండు అద్దాలు ఎదురెదురుగా నిలిపి నడుమ తాను నిలబడుతుంది. ప్రతిబింబానికి ప్రతిబింబం, దానికి మరొక ప్రతిబింబం. అన్ని రూపాలూ ఆమె శక్తిని పెంచుతాయి.

ఆ లిలిత్ మరెవరో కాదు, గ్రానీకి స్వయానా అక్క. ఏనాడో ఇల్లు విడిచి పోయిన అక్క. ముఖాలు ఒక్కటే. ఇందులో విశేషమేమంటే, లిలిత్ తాను మంచిదాననే నమ్ముతుంది. లోకానికి సుఖాంతాలు పంచుతున్నాను కద అంటుంది. గ్రానీ కోపం మరొకటి. నీవు చెడ్డదానివై వెళ్ళిపోయావు కనుక, మంచిగా ఉండే పని నా మీద పడినది, నాకు ఎంచుకునే వీలు లేకపోయినది అన్నది ఆమె అభియోగం. ఆ మాటల దగ్గర నేను పుస్తకం మూసివేశాను. రెండు రోజులు మరల తెరవలేదు. ఎందుకో చెప్పేముందు మన సాహిత్యం వైపు ఒకసారి తిరుగుతాను. పాత అలవాటు, మన్నించండి.

మాయారూపాలు మనకు కొత్తవి కావు. అల్లసాని పెద్దన గారి మనుచరిత్రలో వరూధిని మాయాప్రవరుని అసలు ప్రవరుడని నమ్మింది. పింగళి సూరన గారి కళాపూర్ణోదయం సంగతి సరేసరి. కలభాషిణి రంభ రూపం దాల్చింది, మణికంధరుడు నలకూబరుని రూపం దాల్చాడు. ఆపైన ఇద్దరు రంభలు ఎదురుపడి అసలైన రంభను నేనంటే నేనని కలహించారు. పదునారవ శతాబ్దంలో ఈ అల్లికను ఊహించిన మహాకవికి నమస్కరించకుండా ఉండలేము. అయినా నాకు ఈ నవల చదువుతూ గుర్తుకు వచ్చినది ఇద్దరు రంభలు కారు, సంజ్ఞాఛాయలు. మనుచరిత్రకు మూలమైన మార్కండేయపురాణం లోనే ఉన్నది ఆ కథ. సూర్యుని తాపం సహించలేక సంజ్ఞాదేవి తన నీడకు తన రూపమిచ్చి, ఇంట నిలిపి, తాను వెళ్ళిపోయింది. ఇంటి పని, పిల్లల పని, భర్త వేడిమి అన్నీ ఛాయ భరించింది. తరగతిలో ఈ కథ చెప్పినప్పుడల్లా పిల్లలు సంజ్ఞ ఏమైందని అడిగేవారు. ఛాయ సంగతి అడిగిన పిల్ల నాకు గుర్తులేదు.

నేను ఛాయను.

మాది తెనాలి ప్రాంతపు పల్లె. మా నాన్నగారు బడిపంతులు. ఇద్దరం ఆడపిల్లలం. అక్క నాకంటె నాలుగేళ్ళు పెద్ద. మా నడిమింట్లో మామ్మ కాలం నాటి టేకు బీరువా ఒకటి ఉండేది, దాని తలుపుకు నిలువుటద్దం. అక్క నా జడ అల్లి, ఆ అద్దం ముందు నిలబెట్టి, వెనుక నుండి చేతి అద్దం పట్టి జడ చూపించేది. అప్పుడు ముందు అద్దంలో మేము, వెనుక అద్దంలో మేము, ఇంకా లోపల చిన్నచిన్న మేము. "చివరిదాకా లెక్కపెట్టవే" అనేది. ఎన్నడూ చివర దొరికేది కాదు. ఇంతలో నాన్నగారి దగ్గు వినిపించేది, ఇద్దరం పరుగు.

1977లో అక్క వెళ్ళిపోయింది. వేరే కులపు అబ్బాయిని పెండ్లాడి ఇద్దరూ భిలాయి చేరారు. నాకప్పుడు 16 ఏళ్ళు. నాన్నగారు ఆమె పేరు ఇంట్లో ఎత్తరాదన్నారు. ఎత్తలేదు కూడ. కాని ఆనాటి నుండి ఆయన నన్ను పిలిచే ప్రతి పిలుపులోను ఆమె ఉన్నది. ఆమె వలె కాకూడదు అన్నది నాకు నిత్యపారాయణం. ఆమె పరికిణీలు ఓణీలు నాకు వచ్చాయి, ఆమె పడక నాకు వచ్చింది, ఆమె ఈడేర్చని ఆశలన్నీ నాకు వచ్చాయి. నాన్నగారు చదవమన్న భాషాప్రవీణ చదివాను, పండిత శిక్షణ అయ్యాను. ఆయన చూపిన సంబంధం చేసుకున్నాను, ఆయన ఊరికి దగ్గరగా ఉండే బడినే కోరుకున్నాను. అమ్మ పక్షవాతంతో మంచాన ఉన్న ఆరేళ్ళు నేనే చేశాను. ఊరంతా మెచ్చుకున్నది. ఆ మెప్పు నాకు ఇష్టమయింది. అబద్ధమెందుకు, చాల ఇష్టమయింది.

నాన్నగారు 1994లో పోయారు. అక్క వచ్చింది. పదిహేడేళ్ళ తరువాత అదే మొదటిసారి. పదకొండవ రోజున ఎవరూ లేనప్పుడు నేనన్నాను: "నువ్వు హాయిగా పోయావు. మంచిదాన్నయ్యే చాకిరీ నాకు అంటగట్టావు." అక్క నెమ్మదిగా అన్నది: "హాయిగా అని నీతో ఎవరన్నారే? నేనూ మంచిదాన్నేననుకుంటున్నాను. నా తోవ నేను వెతుక్కుంటే, నీకూ ఒక తోవ తెరుచుకుంటుందనుకున్నాను. నువ్వు తలుపేసుకున్నావు." ఆ మాటకు నేను లేచి లోపలికి పోయాను. ఆ సాయంత్రమే ఆమె బండెక్కింది. తరువాత శుభకార్యాలకు కార్డులు, మరణాలకు ఫోనులు. అంతే.

ఇంగ్లండులో ఒక మనిషి, మా ఇల్లు ఎరుగనివాడు, 1991లోనే ఆ సంభాషణ వ్రాసి పెట్టుకున్నాడు. నేను పుస్తకం మూయక ఏమి చేయను?

మూడవనాడు తెరిచాను. చివర అద్దాలు పగులుతాయి, లిలిత్ అద్దాల లోపలి లోకంలో చిక్కుపడుతుంది. గ్రానీ కూడ అక్కడికే చేరుతుంది. చుట్టూ లెక్కలేనన్ని ప్రతిరూపాలు. వీటిలో నిజమైనది ఏదో కనుగొంటేనే బయటికి దారి. లిలిత్ ప్రతిబింబం నుండి ప్రతిబింబానికి పరుగెత్తుతూనే ఉంటుంది. గ్రానీ పరుగెత్తదు. తనను తాను ఒకసారి క్రిందికి చూసుకుని, ఇదే అంటుంది. అంతే, పరీక్ష ముగిసినది.

చదివినప్పుడు మొదట గ్రానీ గెలిచినదని సంతోషించాను, చెల్లెలి పక్షం కద! తరువాత ఆలోచిస్తే ఆ సంతోషం నిలవలేదు. నలభై ఏళ్ళకు పైగా పరుగెత్తినది మా ఇంట ఎవరు? మంచి కూతురు, మంచి పంతులమ్మ, మంచి కోడలు... ప్రతి అద్దంలోను నన్ను నేను చూసుకుని, అక్క కంటె మెరుగా కాదా అని సరిచూసుకున్నది నేనే. ఆ కథ కల్పించినది నాన్నగారు. ఒకరు చెడ్డ కూతురు, ఒకరు మంచి కూతురు. ఆయన లిలిత్ వంటి క్రూరులు కారు, దుఃఖంలో ఉన్న తండ్రి. కాని ఆయన పోయిన తరువాత కూడ ఆ కథను నేను నిలబెట్టాను. అందులో నాకు మంచి పాత్ర దక్కినది మరి. తలుపు వేసుకున్నావన్న మాటకు నేనెందుకు లేచిపోయానో ఇప్పటికి తెలిసినది. అమ్మకు చేసిన సేవ నిజం, అది నేను ఇష్టపడి చేసినదే. అక్క ఉన్నా చేసి ఉండేదాన్ని. దానిని అక్క మీద బాకీగా వ్రాసుకోవడమే తప్పు.

మనుమరాలు ఫోనులో బొమ్మ కనిపించేటట్లు మాట్లాడటం నేర్పి వెళ్ళింది. మొన్న ఆదివారం భిలాయికి చేశాను. కళ్ళజోడు వంటింట్లో మరచిపోయాను. తెర మీద పెద్దగా ఒక నెరసిన తల, మూలగా చిన్నదిగా మరొక నెరసిన తల. ఒక్క క్షణం ఏది ఎవరిదో పోల్చుకోలేకపోయాను.

"ఏమే, మాట్లాడవేం?" అన్నది పెద్ద తల.

"అక్కా, ఎవరు ఎవరో తెలియడం లేదే" అన్నాను.

"నీకిప్పుడా తెలియనిది?" అని నవ్వింది. పిమ్మట ఇద్దరం ఏమి మాట్లాడామో ఇక్కడ వ్రాయను. 1994 నాటి మాటకు క్షమాపణ చెప్పాను, అంతవరకు చెప్పగలను. అక్క వెంటనే సరే అనలేదు. "చూద్దాంలే, సంక్రాంతికి రా ముందు" అన్నది. టిక్కెట్టు తీసుకున్నాను.

నవలలో పని ముగిశాక ముగ్గురు మంత్రగత్తెలు ఇంటికి చుట్టుదారిన, లోకం చూసుకుంటూ వెళతారు. మంచి పద్ధతే. మీలో ఎవరికైనా ఈ పుస్తకం చిక్కితే చదవండి. నవ్వుకోవడానికే చదవండి, మిగిలినది దానంతట అదే వస్తుంది. ఇంతకూ ఇప్పుడు నాకొక చిన్న చిక్కు ఉన్నది. అక్క మనుమలకు ఏమి తీసుకుపోవాలి? అరిసెలు భిలాయి దాకా విరగకుండా ఉంటాయా? తెలిసినవారు ఒక మాట చెబుదురు.

సెలవు.