దోహాలో డేగ బొమ్మ

శుక్రవారం సాయంత్రం దోహాలోని సూక్ వాకిఫ్‌కి వెళ్ళాం. డేగల అంగట్లో, తోలు టోపీలతో వరసగా కూర్చున్న పక్షుల్లో మా పాపకి బైరి డేగ నచ్చింది. అరబ్బులు షాహీన్ అంటారు. వేట మీదికి దూకితే గంటకు 300 కిలోమీటర్లు దాటే పక్షి!

పాప రెక్కలు విప్పి గీసింది. అంగడి పెద్దాయన నవ్వి, చేతులు ఒంటికి హత్తుకుని చూపించాడు. దూకేటప్పుడు రెక్కలు ముడుచుకుంటుందట! టోపీ తీసి, కంటి కింద నల్లమీసం కూడా చూపించాడు. పాప చెరిపి, నీటిబొట్టులా మళ్ళీ గీసింది.

ఊళ్ళో మా అమ్మ కోడిపిల్లల కోసం గద్దల్ని తరిమే సంగతి చెప్పాను. బొమ్మ కింద వంకరటింకర అక్షరాలతో "నానమ్మా, భయపడకు" అని రాసింది. మేం అడక్కుండా తను తెలుగు రాయడం అదే మొదలు.